ఋతువు తెలిసిన ఆల్చిప్ప

పాఠ్యభాగ నేపథ్యం

ప్రకృతిలో ప్రతి ప్రాణికీ తన సంతానాన్ని లోకానికి అందించడానికి అనువైన కాలం ఒకటి ఉంటుంది. కోయిల వసంతాన్నీ, కప్ప వానకాలాన్నీ గుర్తిస్తాయి. కదలిక లేనట్లు కనిపించే ఆల్చిప్ప కూడా నీటి అడుగున ఉండి ఋతువును గుర్తిస్తుంది. మంచినీటి ఆల్చిప్పల సంతానోత్పత్తికీ, ఋతువులకూ, చేపలకూ ఉన్న సంబంధాన్ని ఈ పాఠం వివరిస్తుంది. ఆ సంబంధం తెగిపోతే ఏమవుతుందో తెలియజేసి, జలాశయాల పట్ల విద్యార్థులలో బాధ్యతను పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మామిడి పిందెలు కాయలయ్యే రోజులలో పల్లెటూరి పిల్లల చేతిలో ఆల్చిప్ప ఒక పనిముట్టు. చెరువు గట్టున దొరికిన చిప్పను రాతి మీద అరగదీసి, నడుమ చిన్న కంత పడేటట్లు చేసి, ఆ కంత అంచుతో పచ్చి మామిడికాయ చెక్కు తీసుకొనేవారు. విశాలమైన కన్నులను ‘ఆల్చిప్పల వంటి కళ్ళు’ అనడం మన నుడికారం. ఇంతగా మనకు పరిచయమైన ఆ చిప్ప ఒకప్పుడు ఒక ప్రాణికి ఇల్లు. ఆ ఇంటిలోని ప్రాణి ఎట్లా పుట్టింది, ఏ కాలంలో పుట్టింది, ఎవరి ఆశ్రయంలో పెరిగింది అనే ప్రశ్నలు మాత్రం మనకు సాధారణంగా తోచవు.

మన పూర్వులు ఆల్చిప్పను ఒక ప్రత్యేక కాలంతో ముడిపెట్టారు. స్వాతి కార్తెలో కురిసిన వానచినుకు నోరు తెరచిన చిప్పలో పడితే ముత్యమవుతుందని విశ్వసించారు. నీటిబొట్టు కాలిన ఇనుము మీద పడితే ఆనవాలు లేకుండా పోతుందనీ, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుందనీ, ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుందనీ భర్తృహరి సుభాషితాలలో ఒక భావం ఉంది. ఏనుగు లక్ష్మణ కవి తెనుగు సేత ద్వారా అది తెలుగువారందరికీ పరిచితమైంది. ఆశ్రయాన్ని బట్టి ఫలితం మారుతుందని చెప్పడం అక్కడ కవి ఉద్దేశం.

వానచినుకు ముత్యంగా మారదని శాస్త్రం చెబుతుంది. చిప్ప లోపలి మెత్తని పొరకు గాయమైనప్పుడో, పరాన్నజీవి వంటిది లోపల చేరినప్పుడో, దాని చుట్టూ ఆ ప్రాణి మెరిసే పదార్థాన్ని పొరలు పొరలుగా పేర్చుకొంటుంది. అదే ముత్యం. దానికి కార్తెతో పని లేదు. అయినప్పటికీ పూర్వుల ఊహలో ఒక సత్యం దాగి ఉంది. ఆల్చిప్ప జీవితం నిజంగానే ఒక ఋతువుకు కట్టుబడి ఉంటుంది. అయితే ఆ ఋతువు ముత్యానిది కాదు, సంతానానిది. అది ఎదురుచూసేది వానచినుకు కోసం కాదు, చేప కోసం.

ప్రపంచంలో మంచినీటి ఆల్చిప్పలు 900 జాతులకు పైగా ఉన్నాయి. నదులు, కాలువలు, చెరువుల అడుగున ఇసుకలోనో, బురదలోనో సగం పూడుకొని ఇవి జీవిస్తాయి. ఒక అంచున కలిసి ఉండే రెండు చిప్పలు, వాటి నడుమ మెత్తని శరీరం, నేలను తొలుచుకొని మెల్లగా జరగడానికి నాలుక వంటి పాదం ఉంటాయి. ఒక రంధ్రం ద్వారా నీటిని లోనికి తీసుకొని, మొప్పల సహాయంతో ప్రాణవాయువునూ, సూక్ష్మమైన ఆహారకణాలనూ గ్రహించి, మరొక రంధ్రం ద్వారా ఆ నీటిని వెలుపలికి పంపుతాయి. ఈ పని వలన నీరు తేటపడుతుంది. పెద్ద ఆల్చిప్ప ఒకటి రోజుకు పదుల లీటర్ల నీటిని ఈ విధంగా వడకట్టగలదు.

చాలా జాతులలో ఆడ, మగ ప్రాణులు వేరువేరుగా ఉంటాయి. అవి ఒకదానిని ఒకటి వెతుక్కుంటూ పోలేవు. అందువలన నీరే వాటి నడుమ దూతగా వ్యవహరిస్తుంది. తగిన కాలం రాగానే మగ ఆల్చిప్పలు శుక్రకణాలను నీటిలోకి విడుస్తాయి. దిగువన ఉన్న ఆడ ఆల్చిప్పలు శ్వాస కోసం, ఆహారం కోసం తీసుకొనే నీటితో పాటు వాటిని కూడా లోనికి గ్రహిస్తాయి. ఫలదీకరణం చెందిన అండాలు తల్లి మొప్పలలోనే పెరుగుతాయి. శ్వాసకు సాధనమైన మొప్పలు ఆ కాలంలో ఉయ్యాలలు అవుతాయి.

ఈ అండాల నుండి వెలువడే డింభకానికి ‘గ్లోకిడియం’ అని పేరు. బాణపు ములికి అని అర్థమిచ్చే గ్రీకు పదం నుండి ఈ పేరు పుట్టింది. ఇది ఇసుక రేణువు కంటె చిన్నది. దీనికీ రెండు బుల్లి చిప్పలు, వాటిని చటుక్కున మూయగల ఒక కండరం ఉంటాయి. కొన్ని జాతులలో చిప్పల కొసలకు కొక్కేల వంటివి కూడా ఉంటాయి.

ఈ డింభకం ఆల్చిప్ప బిడ్డ అని గుర్తించడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది. హాలెండు దేశీయుడైన లేవెన్‌హుక్ 17వ శతాబ్ది చివరలోనే తన సూక్ష్మదర్శినితో ఆల్చిప్పల లోపల వీటిని చూశాడు. అయితే 1797లో నార్వే దేశపు జంతుశాస్త్రజ్ఞుడు జెన్స్ రాత్కె ఇవి ఆల్చిప్పను పీడించే పరాన్నజీవులని భావించి, వాటికి వేరే జీవిగా పేరు పెట్టాడు. తల్లి ఒడిలోని బిడ్డను శత్రువుగా పొరబడటం అంటే ఇదే. ఇవి ఆల్చిప్ప సంతానమేనని తరువాతి వారు నిరూపించారు. 1866లో జర్మనీకి చెందిన ఫ్రాంజ్ లైడిగ్ ఈ డింభకాలను చేపల శరీరంపై గుర్తించిన తరువాత కథలో మిగిలిన భాగం బయటపడింది.

రాత్కె పూర్తిగా తప్పు చెప్పలేదు. గ్లోకిడియం పరాన్నజీవే, కాని అది ఆశ్రయించేది తల్లిని కాదు, చేపను. తల్లి నుండి వెలువడిన కొద్ది రోజులలో తగిన చేప మొప్పలనో, రెక్కలనో అది పట్టుకోవాలి. లేకుంటే నశిస్తుంది. పట్టుకొన్న తరువాత చేప కణజాలం దాని చుట్టూ పొరలా అల్లుకొంటుంది. ఆ పొరలో గ్లోకిడియం రూపాంతరం చెంది పిల్ల ఆల్చిప్పగా మారి, ఒకనాడు పొరను చీల్చుకొని నది అడుగుకు రాలుతుంది. సాధారణంగా దీని వలన చేపకు పెద్ద హాని కలగదు. పైగా ఆల్చిప్పకు దీని వలన మరొక మేలు కూడా ఉంది. తనంతట తాను ప్రవాహానికి ఎదురు పోలేని ప్రాణి, చేపను వాహనంగా చేసుకొని నది ఎగువ భాగాలకు కూడా చేరగలుగుతుంది. ఏ చేప అయినా ఇందుకు పనికిరాదు. ఒక్కొక్క ఆల్చిప్ప జాతికి కొన్ని చేపలు మాత్రమే ఆశ్రయమిస్తాయి.

ఇక్కడే ఋతువు ప్రాధాన్యం తెలుస్తుంది. డింభకాలు వెలువడే వేళకు ఆ చేప అక్కడ ఉండాలి. కొత్త నీరు రాగానే బొచ్చె, శీలావతి వంటి చేపలు గుడ్లు పెడతాయని మన జాలరులకు తెలుసు. చేపల రాకపోకలు, వాటి పిల్లలు పెరిగే కాలం నీటి వేడిమిని, ప్రవాహాన్ని బట్టి నిర్ణయమవుతాయి. ఆల్చిప్ప కూడా వాటినే ఆధారం చేసుకొంటుంది. కన్నులు లేని ఆ ప్రాణికి నీటి వేడిమిలో కలిగే మార్పే పంచాంగం.

చల్లని దేశాల ఆల్చిప్పలలో ఈ పంచాంగం ప్రధానంగా రెండు విధాలుగా కనిపిస్తుంది. మొదటి రకం వసంతంలోనో, వేసవి మొదటనో అండాలను ధరించి, అదే వేసవిలో డింభకాలను విడిచిపెడుతుంది. వీటిని స్వల్పకాల పోషకాలు అనవచ్చు. రెండవ రకం వేసవి చివర అండాలను ధరించి, సిద్ధమైన డింభకాలను చలికాలమంతా మొప్పలలోనే దాచి, మరుసటి వసంతంలోనో, వేసవి ఆరంభంలోనో విడుస్తుంది. ఇవి దీర్ఘకాల పోషకాలు. అమెరికా నదులలోని లాంప్సిలిస్ జాతులు ఈ రెండవ రకానికి చెందినవి. వీటిలో కొన్నింటి తల్లి తన శరీరపు అంచును చిన్న చేప ఆకారంలో పెంచుకొని నీటిలో ఆడిస్తుంది. దానికి కంటి మచ్చ కూడా ఉంటుంది. ఎర అనుకొని బాస్ అనే పెద్ద చేప నోరు తెరచి మీదపడగానే దాని నోటిలోకి డింభకాలు వెల్లువలా చేరుతాయి. ఎర వేసేది జాలరి ఒక్కడే కాదని ఈ ప్రాణి నిరూపిస్తుంది.

మొదటి రకానికి స్కాట్లాండు నదులలోని ముత్యపు ఆల్చిప్ప చక్కని ఉదాహరణ. దాని సంవత్సరాన్ని వరుసగా పరిశీలిద్దాం. మనకు జ్యేష్ఠాషాఢాలు నడిచే జూన్, జూలై నెలలలో మగవి శుక్రకణాలను విడుస్తాయి. కొన్ని వారాల పాటు తల్లి మొప్పలలో డింభకాలు పెరుగుతాయి. జూలై, సెప్టెంబరు నెలల మధ్య, నదిలోని ఆల్చిప్పలన్నీ కూడబలుక్కొన్నట్లుగా కొద్ది రోజుల వ్యవధిలోనే వాటిని వెలువరిస్తాయి. ఒక తల్లి విడిచే డింభకాల సంఖ్య 10 లక్షల నుండి 40 లక్షల వరకు ఉంటుంది. వాటిలో సాల్మన్, ట్రౌట్ చేపపిల్లల మొప్పలను చేరేవి పది లక్షలకు కొన్ని మాత్రమే. చేరినవి శీతకాలమంతా అక్కడే గడిపి, మరుసటి మే, జూన్ నెలలలో అర మిల్లీమీటరు కూడా లేని పిల్లలుగా రాలుతాయి. రాలిన చోట శుభ్రమైన ఇసుక, గులకరాళ్ళు ఉంటేనే బ్రతుకుతాయి. అందులో సుమారు ఐదేళ్ళు కూరుకొని పెరుగుతాయి. సంతానయోగ్యమైన వయస్సు రావడానికి పన్నెండేళ్ళ వరకు పడుతుంది. ఆ తరువాత నూరేళ్ళకు పైగా జీవించగలవు.

ఇంత సుదీర్ఘమైన ఆయుర్దాయమే మనలను మోసగిస్తుంది. నదిలో వందలాది ఆల్చిప్పలు కనిపిస్తే ఆ నది ఆరోగ్యంగా ఉందని భావిస్తాం. కాని ఐరోపాలోని అనేక నదులలో మిగిలినవన్నీ ముసలివే. పొలాల నుండి కొట్టుకువచ్చిన ఒండ్రు గులకరాళ్ళ సందులను పూడ్చివేయడం వలన పిల్లలకు ఊపిరాడదు. సాల్మన్ చేపలు తగ్గిపోవడం వలన డింభకాలకు ఆశ్రయం దొరకదు. తల్లులు ఏటేటా ఋతువు తప్పకుండా లక్షల బిడ్డలను విడుస్తూనే ఉంటాయి. వాటిలో ఒక్కటీ పెద్దది కాదు. పిల్లలు లేని ఊరిలో వృద్ధులు మాత్రమే మిగిలినట్లు ఆ నదులు ఉన్నాయి. ముత్యాల కోసం ఈ ఆల్చిప్పలను పట్టడాన్ని బ్రిటన్ 1998లో నిషేధించింది. పట్టడం ఆపినంత మాత్రాన పుట్టడం మొదలు కాదు కదా!

ఈ సత్యాన్ని అమెరికా అంతకు ముందే చవిచూసింది. జర్మనీ నుండి వలస వచ్చిన జాన్ బోపుల్ అనే గుండీల పనివాడు 1891లో మిసిసిపీ తీరాన, అయోవా రాష్ట్రంలోని మస్కటీన్ పట్టణంలో ఆల్చిప్పల నుండి చొక్కా గుండీలు చేయడం ప్రారంభించాడు. అనతికాలంలోనే ఆ పట్టణం ప్రపంచపు గుండీల రాజధానిగా పేరుపొందింది. 1905 నాటికి అక్కడ ఏడాదికి 150 కోట్ల గుండీలు తయారయ్యేవి. నది అడుగున తరతరాలుగా పేరుకొన్న ఆల్చిప్పల గుంపులు కొద్ది సంవత్సరాలలోనే తరిగిపోయాయి. సంతానానికి సిద్ధమవుతున్న తల్లులు కూడా ఆ కుప్పలలోనే ఉడికిపోయాయి.

పరిశ్రమ మూతపడుతుందన్న భయంతో 1908లో అమెరికా ప్రభుత్వం మస్కటీన్‌కు సమీపాన ఫెయిర్‌పోర్ట్ వద్ద పరిశోధనాకేంద్రాన్ని మంజూరు చేసింది. లెఫీవర్, కర్టిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏ జాతి ఏ నెలలో డింభకాలను ధరిస్తుందో, వాటికి ఏ చేపలు ఆశ్రయమిస్తాయో పరిశోధించి 1912లో ప్రకటించారు. తొట్టెలలో చేపలకు డింభకాలను పట్టించి నదిలో వదలిపెట్టే పద్ధతి అమలులోకి వచ్చింది. మొదట గుండీల పరిశ్రమను స్థాపించిన బోపుల్ కూడా చివరి దశలో ఈ పునరుద్ధరణ కార్యక్రమంలోనే పనిచేశాడు. నదిలో ఆల్చిప్ప అంచు తగిలి అతని పాదానికి గాయమైంది. ఆ గాయం విషమించి 1912లో అతడు మరణించాడు.

డింభకాలను మోసే చేపలను ఎన్ని వదలినా ఆశించిన ఫలితం రాలేదు. నగరాల మురుగు నీటిని పాడుచేసింది. ఆనకట్టలు చేపల దారిని మూసివేశాయి. లోతైన జలాశయాల అడుగు నుండి వదిలే చన్నీరు వేసవిలోనూ నదిని చల్లగా ఉంచి, ఆల్చిప్పల పంచాంగాన్నే తారుమారు చేసింది. వేడిమి అందక అవి సంతానకాలం వచ్చిన సంగతినే గుర్తించలేకపోయాయి. చివరకు ప్లాస్టిక్ గుండీలు రావడంతో పరిశ్రమ అంతరించింది. కాని నష్టం మాత్రం మిగిలింది. 2023లో అమెరికా ప్రభుత్వం అంతరించిపోయినవిగా నిర్ధారించి రక్షిత జాబితా నుండి తొలగించిన 21 జీవజాతులలో 8 మంచినీటి ఆల్చిప్పలే.

అయితే నాటి పరిశోధన వ్యర్థం కాలేదు. గుండీల కోసం కనుగొన్న పద్ధతే నేడు ఆల్చిప్పల రక్షణకు ఉపయోగపడుతున్నది. ఇంగ్లండులో విండర్‌మియర్ సరస్సు తీరాన 2007లో ప్రారంభమైన కేంద్రంలో వివిధ నదుల ముత్యపు ఆల్చిప్పల సంతానాన్ని చేపల సహాయంతో పెంచుతున్నారు. అయితే పెంచిన పిల్లలను వదలడానికి శుభ్రమైన నది ఉండాలి. నది లేకుండా ఆల్చిప్ప లేదు, చేప లేకుండా దాని బిడ్డ లేదు.

మన చెరువులలో, కాలువలలో లామెల్లిడెన్స్ అనే ఆల్చిప్పలు విరివిగా కనిపిస్తాయి. భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర పరిశోధన సంస్థ వీటితోనే మంచినీటి ముత్యాలను పండించే విధానాన్ని రూపొందించింది. వీటి సంతానం కూడా గ్లోకిడియంగానే పుట్టి, చేపనే ఆశ్రయిస్తుంది. చెరువు ఎండినప్పుడు, పూడికమట్టితో పాటు ఆల్చిప్పలు గట్టుకెక్కినప్పుడు మనం చూసేది చిప్పలను మాత్రమే. వాటి మొప్పల ఉయ్యాలలో ఎన్ని ప్రాణాలు ఉన్నవో మనకు కనిపించదు. గట్టున పడిన ఆల్చిప్ప బరువుగా, మూసుకొని ఉంటే అందులో ప్రాణం ఉన్నట్లే. దానిని తిరిగి నీటిలోకి చేర్చడానికి ఒక నిమిషం చాలు.

నీటిబొట్టు ముత్యం కావాలంటే ఆశ్రయం కావాలన్నాడు కవి. డింభకం ఆల్చిప్ప కావాలన్నా ఆశ్రయమే కావాలి. తగిన కాలం, తగిన చేప, తేటనీరు ఈ మూడూ కలిసిన చోటనే ఆ వంశం నిలుస్తుంది. వాటిలో ఋతువును ప్రకృతి ఇస్తుంది. మిగిలిన రెండింటినీ కాపాడవలసిన బాధ్యత మనది.

కఠిన పదాలకు అర్థాలు

కంత = రంధ్రం
నుడికారం = మాట్లాడే తీరు, జాతీయం
పరాన్నజీవి = ఇతర జీవుల మీద ఆధారపడి బ్రతికే ప్రాణి
డింభకం = గుడ్డు నుండి వెలువడి, ఇంకా పూర్తి రూపం పొందని పిల్లజీవి
రూపాంతరం = వేరొక రూపం
ములికి = బాణపు మొన
ఒండ్రు = నీటిలో కొట్టుకువచ్చే మెత్తని మట్టి
అనతికాలం = కొద్దికాలం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మంచినీటి ఆల్చిప్ప సంతానోత్పత్తి క్రమాన్ని వివరించండి.
2. మస్కటీన్ గుండీల పరిశ్రమ కథ మనకు నేర్పే పాఠమేమి?

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. స్వాతి చినుకును గురించిన విశ్వాసాన్నీ, శాస్త్రసత్యాన్నీ పోల్చి రాయండి.
2. స్వల్పకాల, దీర్ఘకాల పోషకాల మధ్య భేదమేమి?
3. ఆల్చిప్పలు ఉన్నంత మాత్రాన నది ఆరోగ్యంగా ఉన్నట్లు కాదని ఎట్లా చెప్పగలరు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గ్లోకిడియం అనే పేరు ఏ అర్థమిచ్చే పదం నుండి పుట్టింది?
2. స్కాట్లాండు ముత్యపు ఆల్చిప్ప డింభకాలకు ఆశ్రయమిచ్చే చేపలేవి?
3. ముత్యాల కోసం ఆల్చిప్పలను పట్టడాన్ని బ్రిటన్ ఎప్పుడు నిషేధించింది?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. శ్వాసకు సాధనమైన మొప్పలు ఆ కాలంలో ఉయ్యాలలు అవుతాయి.
2. పట్టడం ఆపినంత మాత్రాన పుట్టడం మొదలు కాదు కదా!

ఉ) సంధులు
సంతానోత్పత్తి = సంతాన + ఉత్పత్తి – గుణసంధి
జ్యేష్ఠాషాఢాలు = జ్యేష్ఠ + ఆషాఢాలు – సవర్ణదీర్ఘసంధి
రూపాంతరం = రూప + అంతరం – సవర్ణదీర్ఘసంధి

ఊ) కృత్యం
మీ ఊరి చెరువులోనో, కాలువలోనో ఆల్చిప్పలు ఉన్నాయేమో పరిశీలించండి. ఏ నెలలో ఎన్ని కనిపించాయో, వాటిలో చిన్నవి ఎన్నో ఒక సంవత్సరం పాటు నమోదు చేయండి. చిన్నవి కనిపించకపోతే అందుకు కారణాలను మీ ఊరి జాలరులతో చర్చించి ఒక నివేదిక రాయండి.